ఏ గోడకు ఏ కిటికీ?
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ప్రతివత్సరము ఈ వేదికమీద విద్యనుగూర్చియో, ఐకమత్యమునుగూర్చియో నాలుగు మాటలు చెప్పుట మాకు వాడుకయైనది. ఈయేడు కార్యదర్శిగారు విషయ మేదియని యడుగగా "కిటికీలు" అని చెప్పితిమి. వారు నవ్విరి. ఉద్యోగము విరమించిన బడిపంతులు కిటికీలోనుండి చూచుటకు మాఱుగా కిటికీనే చూచుచు కూర్చున్నాడు కాబోలు నని వారి మనస్సున నుండియుండును. నవ్విన నవ్వుదురుగాక. మయబ్రహ్మ సంతతివారము మనము కిటికీనిగూర్చి మాటలాడకున్న మఱి యెవరు మాటలాడుదురు? మనలో ననేకుల యిండ్లు నలువది, ఏబది యేండ్లనాటివి. వాని కిటికీలు మార్చవలసిన దినము కొందఱికి వచ్చినది; కొందఱికి వచ్చుచున్నది. ఆ మార్పులో ఇంటికి గాలి తగ్గుటయు, మన వడ్రంగికి పని తగ్గుటయు తఱచుగా నొక్కసారియే జరుగుచున్నవి. ఈ రెండు నష్టములను మేము మా యింటనే, మా సొమ్ముతోనే తెచ్చుకొంటిమి. ఆ సంగతియే నేడు మనవిచేయబోవుచున్నాము.

ముందుగా పదమునుగూర్చి రెండు మాటలు. పంతులకు పదము దొరకిన విడువడు కదా. అమరసింహుడు వాతాయనమును, గవాక్షమును పర్యాయపదములుగా చెప్పియున్నాడు. వాతాయన మనగా గాలి నడచు త్రోవ. గవాక్ష మనగా గోవు కన్ను. ఒకటి గాలిని, ఒకటి చూపును చెప్పుచున్నది. ఇంగ్లీషువారి ‘విండో’ అను మాట పాత నార్సు భాషనుండి వచ్చినది. అందు దాని యర్థము ‘గాలికన్ను’. మనవారు రెండు పదములుగా పంచినదానిని వారొక్క పదములో ముడివేసిరి. మన కిటికీ హిందీ ఖిడికీకి తోబుట్టువు. ఈ మాటలలో నెందును అద్దము ప్రసక్తి లేదని గమనింపుడు. నేడు కిటికీ కొనబోవువాడు మొట్టమొదట బేరమాడునది అద్దమునుగూర్చియే!

మా యిల్లు గోదావరి డెల్టాలో నొక గ్రామమున నున్నది. 1958వ సంవత్సరమున మా తండ్రిగారు కట్టించిరి. కట్టించిరనుట గోడలకు మాత్రమే. తలుపులు, కిటికీలు వారు స్వహస్తములతో చేసినవి. టేకు చట్రము, నిలువుగా ఇనుప చువ్వలు, ఒక్కొక్క కిటికీకి నాలుగు కొయ్య రెక్కలు — పైన రెండు, క్రింద రెండు. మధ్యాహ్నవేళ క్రింది రెక్కలు మూసి పైవానిని తీసియుంచిన వీధిలో పోవువాని చూపు లోనికి రాదు, గాలి మాత్రము వచ్చును. రాత్రి నాలుగును తీసిన మంచముమీదికి తిన్నగా గాలి తగులును. ఇంతటి యుపాయమును ఆ రోజులలో నెవరును ఉపాయమని తలపలేదు; కిటికీ యనగా నట్లేయుండును అనుకొనిరి. మా యక్కగారికి అప్పుడు పదుమూడేండ్లు. తండ్రిగారు చిత్రిక పట్టుచుండగా రాలిన పొట్టు ఏరి పొయ్యిలోనికి చేర్చినది ఆమెయే.

2022వ సంవత్సరము నాటికి రంగు పొరలు లేచినవి. వానచినుకులు చిందు చోట క్రింది రెక్కల యడుగుకఱ్ఱ మెత్తబడినది. ఒక చట్రమునకు చెదలు పట్టెను. పట్టణమునుండి వచ్చిన మా కుమారులు, అన్నిటిని తీసివైచి అల్యూమినియము జారుడు కిటికీలు పెట్టింతమనిరి. మాకును ఆ తెల్లని నునుపు కనులకు నచ్చినది. మా అన్నగారి మనుమడు వడ్రంగము చేయుచున్నాడు. అతడు కిటికీలన్నియు తట్టి చూచి, "చిన్నతాతయ్యగారూ, మిగతావి మీ యిష్టమండి. పడమటిగదికి మాత్రం జారుడువి వద్దు. గాలి సగమైపోతుంది" అనెను. కొయ్యపని చేయువాడు కొయ్యపక్షమే చెప్పునని మేము లోలోన ననుకొంటిమి. ఈ మాట నేడు మీ యెదుట చెప్పుటకు సిగ్గుగానున్నను చెప్పుచున్నాము.

పట్టణములోని యొక దుకాణమువారు — పేరు మనకు వలదు — రెండు దినములలో ఏడు కిటికీలు బిగించిపోయిరి. ఏబదియెనిమిదివేల రూపాయలైనవి. పాత చట్రమును పెకలింపక, చువ్వలు కోసి, దానిలోపలనే క్రొత్త చట్రమును దూర్చిరి. గోడ పగులదు గదా యని మేము సంతసించితిమి. మొదటి వానకే నీరు పరుపుమీదికి వచ్చెను. జారుడు కిటికీకి క్రింది పట్టాలో పడిన నీరు బయటికి పోవుటకు చిన్న రంధ్రము లుండును. బిగించినవారు గోడయంచున సిమెంటు పూయుచు ఆ రంధ్రములను కూడ పూడ్చివేసిరి. పిలిచినచో రాలేదు. మా మనుమడే వచ్చి సన్నని ఉలితో వానిని తెఱచెను. ఒక్క మాటయు ననలేదు.

అది చిన్న కష్టము. పెద్దది 2023 మే నెలలో వచ్చినది. రోళ్లు పగులునని పేరుపడ్డ రోహిణికార్తె. పడమటిగదిలో మా యక్కగారు పరుండుదురు, అప్పటికి డెబ్బదియెనిమిదేండ్లు. మధ్యాహ్నము మూడు మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు ఎండ అద్దముగుండ తిన్నగా లోనికి వచ్చుచుండెను. తెరలు కట్టితిమి, తెరయే పొయ్యిమీది పెనమువలె కాగెను. రాత్రి విద్యుత్తు పోయినపుడు కిటికీ తీసిన, ఒక రెక్క రెండవదాని వెనుకకు పోవునే కాని బయటికి పోదు. ఒకనాటి సాయంకాలము ఆమె మంచముమీదనుండి లేవబోయి తూలి పడిరి. వైద్యుడు వచ్చి సెలైను పెట్టి, వడదెబ్బ యనెను. మూడవనాటికి తేఱుకొనిరి. తేఱుకొని మమ్ము పిలిచి, "తమ్ముడూ, నాన్న చేసిన కిటికీ ఏదిరా?" అని యడిగిరి. పశువులపాకలో నున్నదని చెప్పుటకు మాకు నోరాడలేదు.

ఆ రాత్రి కొలబద్ద తీసికొని కూర్చుంటిమి. మా పాత కిటికీ చట్రము లోపలి కొలత నాలుగడుగులు, నాలుగడుగులు, పదునాఱు చదరపుటడుగులు. రెక్కలు తీసిన నంతయు గాలిదే. చట్రములో చట్రము దూర్చుటచే నది రెండువైపుల కలిపి నాలుగేసి యంగుళములు తగ్గి మూడడుగుల ఎనిమిదంగుళములైనది. వైశాల్యము సుమారు పదుమూడున్నర. అందులో తెఱచుకొనునది సగము; అనగా ఆఱు ముప్పాతిక. గదికి పడమట నొకటి, దక్షిణమున నొకటి కిటికీలున్నవి. తండ్రిగారి కాలమున ముప్పదిరెండు చదరపుటడుగుల గాలి వచ్చిన గదికి ఇప్పుడు పదుమూడున్నర! గది పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, నూటయిరువది చదరపుటడుగులు. జాతీయ భవననిర్మాణ నియమావళిలో ఉక్కపోత యెక్కువగు తడి వేడి సీమలకు గదినేలలో ఆఱవవంతు, పొడి వేడి సీమలకు పదియవవంతు కిటికీల కుండవలెనని చెప్పబడినది. మాది తడి వేడి సీమ, ఆఱవవంతనగా ఇరువది. నియమావళి చట్రముతో కూడ రంధ్రమును లెక్కించును గనుక కాగితముమీద మా గది నెగ్గును. లెక్క తప్పలేదు; గాలి తప్పినది.

కాబట్టి కిటికీ నెన్నుకొనువాడు మొదట నడుగవలసిన ప్రశ్న "ఎంత వెడల్పు?" అనునది కాదు, "ఎంత తెఱచుకొనును?" అనునది. రెండు పట్టాలమీది రెండు రెక్కల జారుడు కిటికీ సగమే తెఱచుకొనును. మడతబందుల రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెఱచుకొనును. మఱియొక గుణము కూడ దానికి గలదు. గాలి యెల్లప్పుడును కిటికీకి ఎదురుగా రాదు; పలుమారు గోడవెంట ప్రక్కగా సాగిపోవును. అట్టి గాలిని బయటికి తెఱచిన రెక్క పడవ తెరచాపవలె పట్టి లోనికి త్రిప్పును. గాలి పోవు వైపున మడతబందులున్నపుడే యీ పని జరుగును. వచ్చు వైపున నున్న రెక్క గాలికి అడ్డమై వెలికి త్రోయును. ఒకే రెక్క పెట్టించునపుడు మీ యూరిలో పైరగాలి యేవైపునుండి వీచునో చూచి మడతబందు వైపు చెప్పుడు. ఈ మాట ఏ దుకాణమునందును మమ్మెవ్వరు నడుగలేదు.

ఎదుటిపక్షమును కూడ చెప్పకున్న న్యాయము కాదు. బయటికి తెఱచు రెక్క సందులో పోవువాని తలకు తగులును. కొక్కెము వేయకున్న గాలికి కొట్టుకొని అద్దము పగులును. అన్నిటికంటె పెద్ద చిక్కు దోమల జాలి. రెక్క బయటికి తెఱచినచో జాలి లోపల నుండవలెను. రెక్క మూయవలెనన్న ముందు జాలి తీయవలెను. ఆ నిమిషములో పది దోమలు లోనికి వచ్చును. జారుడు కిటికీకి మూడవ పట్టామీద జాలిరెక్క సుఖముగా నడచును. చోటు తినదు, కొట్టుకొనదు, ముసలివారి చేతికిని తేలికగా కదలును — పట్టాలో దుమ్ము పేరుకొననంతవఱకు. మా వంటయింటి కిటికీ ప్రహరీ సందులోనికి నున్నది. సందు రెండున్నర యడుగులు. అక్కడ జారుడు కిటికీయే యుండనిండని మా మనుమడు చెప్పెను. అప్పుడు తెలిసినది, అతడు కొయ్యపక్షపాతి కాడు, గాలిపక్షపాతి యని.

స్నానపుగదికి పైయంచున మడతబందులుండి క్రింద తెఱచుకొను చిన్న రెక్క మంచిది; వాన కురియుచున్నను తెఱచియుంచవచ్చును. అద్దపు పలకలు వాలుగా పేర్చిన కిటికీ గాలిని బాగుగా నిచ్చును గాని పూర్తిగా మూసికొనదు. పలకలను బయటనుండి ఊడదీయుట దొంగకు కష్టము కాదు గనుక చువ్వలు తప్పవు. క్రిందికి మీదికి జరుగు రెక్కలలో బరువులు వ్రేలాడు సీమ కిటికీలు మన పల్లెలలో అరుదు, వానిని విడిచెదము. కదలని అద్దపు కిటికీ శీతలయంత్రమున్నవారి సంగతి. కిటికీల సంఖ్య సరిసంఖ్యగా నుండవలెనని కొందఱు పట్టుపట్టి, తొమ్మిదవ కిటికీ మార్చునపుడు దానిని పూడ్పించుచున్నారు. గాలికి గణితము రాదని వారికి మనవి.

ఇక ఎండ. అన్ని గోడలకు నొకే కిటికీ పెట్టుట మా మొదటి తప్పు. మన యక్షాంశమునకు, అనగా పదునాఱు పదియేడు డిగ్రీల చోట్లకు, మే మొదటి వారమునందును, మరల ఆగష్టు మొదటి వారమునందును మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి వచ్చును. నడుమ కొంచెము ఉత్తరముగా నుండును. శీతకాలమున దక్షిణమునకు వ్రాలును. ఉత్తర దక్షిణ కిటికీలకు పైనున్న సన్‌షేడు చాలవఱకు కాపాడును. పడమటి సూర్యునికి సన్‌షేడు పనికిరాదు. ఆయన దిగి వచ్చి ఎదుట నిలుచును. అద్దము ఎండను లోనికి రానిచ్చును గాని, ఆ యెండచే కాగిన గోడలును నేలయు వెలార్చు వేడిని బయటికి పోనీయదు. లోపల తెర కట్టుట దొంగ లోపలికి వచ్చినపిమ్మట తలుపు మూయుటవంటిది. ఎండను అద్దమునకు బయటనే నిలుపవలెను. వాలుపలకలు బిగించిన కొయ్య రెక్క ఆ పని చేయును. పలకల నడుమనుండి గాలి వచ్చును, ఎండ రాదు. గది యెగువన పాత యిండ్లలో చిన్న రంధ్రములుండును. వానిని పిచ్చుకలు వచ్చుచున్నవని పూడ్చుచున్నారు. వేడిగాలి తేలికయై పైకి లేచి పోవు త్రోవ యదియే. జాలి కొట్టింపుడు, పూడ్పింపకుడు.

సముద్రతీరపువారికి మఱియొక చింత గలదు. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను మఱచిన తెలుగువాడు లేడు. 2014 అక్టోబరు 12వ తేదీ హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున పెద్ద భవనముల యద్దములను పిండిచేసినది. తీరమున అద్దము పెట్టువారు పగిలినను చిన్న చిన్న పలుకులుగా మాత్రమే రాలు గట్టిపఱచిన అద్దమునో, పగిలినను రాలక పొరకు అంటియుండు జంట అద్దమునో కోరవలెను. జారుడు రెక్క పట్టానుండి పైకి లేవకుండ చిన్న అడ్డు బిగించి యున్నదా యని చూడవలెను. ఉప్పుగాలి ఇనుమును తినును. యూపీవీసీ యను ప్లాస్టికు చట్రమును ఉప్పు తినదు, చెద తినదు; రంగు వేయ బనిలేదు; వేడిని లోనికి లాగదు. అల్యూమినియము తేలిక, సన్నము, గట్టి. కాని వేడిని త్వరగా కొనితెచ్చును. కొయ్య వేడిని లాగదు, చెడినచోట మాత్రము అతుకు వేయించుకొనవచ్చును. కాని నాలుగైదేండ్ల కొకసారి రంగో, నూనెయో కోరును. కొయ్య కొనువారు చేవ కొనుడు. అంచున తెల్లకఱ్ఱయున్నచో పుప్పి పట్టును. ఎండని కొయ్యకు రంగు వేసిన తరువాత రెక్క మెలిపడును. అప్పుడు తిట్లు వడ్రంగికి, తప్పు యజమానుని తొందరది.

మార్చుటకు పూర్వము చట్రము బ్రతికియున్నదో లేదో చూడవలెను. అడుగు మూలలలో, కొయ్య గోడ నానుకొను చోట, ఉలిమొనతో పొడిచి చూడుడు. మొన దిగినచో చట్రము పోయినది. దిగనిచో రెక్కలు మాత్రము మార్చుకొనుడు. చట్రములో చట్రము దూర్చినచో ఎంత గాలి పోవునో మా లెక్క మీకు చెప్పినది. కొలత తీయునపుడు వెడల్పును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల. ఎత్తును కుడి, నడుమ, ఎడమ మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటె తక్కువదానిని గ్రహింపవలెను. ఒక మూలనుండి యెదుటి మూలకు రెండువైపుల కొలిచిన రెండును సమము కావలెను. కాకున్న రంధ్రము వంకరగా నున్నదని యర్థము. కిటికీయడుగు గట్టు బయటికి వాలుగా నుండవలెను. పాత గోడలలో మూలమట్టమునకు సరియైన కిటికీ మాకింతవఱకు కానరాలేదు. మా తండ్రిగారి గోడలలోను లేదు.

మా యింటి కథ ముగింతము. వానలు పడకముందే, జూను నెలలో, మా మనుమడు పడమటిగదిలోని రెండింటిని, చావడిలోని రెండింటిని విప్పివేసెను. తండ్రిగారి చట్రములు మూడు చెక్కుచెదరక యున్నవి. నాలుగవదానికి చెద తిన్న నిలువుకొయ్యను మాత్రము కోసి క్రొత్త ముక్కను కుసి దిగునట్లు అతికెను. చువ్వలు మరల నిలిపెను. పాకలోని రెక్కలు తెచ్చి చిత్రిక పట్టగా, అఱువదియేండ్ల రంగుక్రింద టేకు నిన్న కోసినట్లు పచ్చగా మెఱసెను. మెత్తబడిన యడుగుకఱ్ఱలు మార్చెను. పడమటివానికి వాలుపలకలు బిగించెను. నాలుగింటికి ఇరువదియాఱువేలైనవి. మొదట నతని మాట వినియున్న ఆ ఏబదియెనిమిదివేలలో కొంత మిగిలియుండెడిది. అక్కగారు రెక్కమీద చేయివేసి చూచి, "ఈ చెక్క పొట్టు నేనే ఏరాను" అనిరి. ఇప్పుడామెకు ఎనుబది దాటినవి, పడమటిగదిలోనే పరుండుచున్నారు.

కులాభిమానముచే కొయ్య కిటికీయే కొనుడని మేము చెప్పము. మూడింట రెండు చోట్ల మఱియొకటి తగినచో అదే పెట్టింపుడు. మా మనవి యొక్కటియే: దుకాణమునకు పోవుటకు ముందు మన వడ్రంగిని ఇంటికి పిలిచి గోడ చూపుడు, ఆ చూచిన దినమునకు కూలి యిండు. సలహా ఉచితమని తలచినందుననే సలహా చెప్పువాడు కఱవగుచున్నాడు. వడ్రంగి యువకులకును ఒక మాట. ప్లాస్టికు చట్రము అతుకు యంత్రము, అల్యూమినియము కోయు రంపము మన చేతికి అంటరానివి కావు. మయుని వంశమువానికి గాలి తెలిసిన తరువాత ఏ చట్రమైన నొకటే. 2023 సెప్టెంబరు 17వ తేదీ విశ్వకర్మ జయంతినాడు కేంద్రప్రభుత్వము ఆరంభించిన పీఎం విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులలో వడ్రంగము నొకటి. శిక్షణయు, పనిముట్లకు పదునైదువేల రూపాయలును, మొదట లక్ష, పిమ్మట రెండు లక్షల వఱకు నయిదు శాతము వడ్డీ ఋణమును అందు నిర్ణయింపబడినవి. దరఖాస్తు వ్రాయుట కష్టమైన వారు మాయొద్దకు రండు. మేము వ్రాసిపెట్టెదము, ముప్పదియైదేండ్లు పిల్లలచేత సెలవుచీట్లు వ్రాయించిన చేయి యిది.

చివరగా, పోషక మహాశయుల సమక్షమున నొక విన్నపము. మన విద్యార్థి వసతిగృహమున ఇరువదిరెండు కిటికీలు మార్చుటకు సంఘము నిశ్చయించినది. అన్నియు జారుడు కిటికీలే యని తీర్మానము సిద్ధమైనదని వింటిమి. పడమటి వరుసలో తొమ్మిది గదులున్నవి. ఒక్కొక్క గదిలో నలుగురు పిల్లలు, గదికొక్క కిటికీ. పరీక్షలు మార్చి ఏప్రిలు మాసములలో జరుగును. ఆ తొమ్మిదింటికి వాలుపలకల కొయ్య రెక్కలు, తూర్పు దక్షిణముల పదింటికి మడతబందుల యద్దపు రెక్కలు, నడవలోనికి తెఱచు మూడింటికి జారుడువి పెట్టవలెనని మా యభిప్రాయము. గత వారము మేమును మా మనుమడును పోయి అన్నిటిని కొలిచితిమి. కొలతల పట్టిక కార్యదర్శిగారి చేతికిచ్చియున్నాము, భోజనానంతరము చూడవచ్చును. పడమటి వరుసలో మూడవగది కొలత మాత్రము మరల తీయవలసియున్నది. అక్కడ మంచము అడ్డముగా నుండెను; దానిమీద నొక బాలుడు జ్వరముతో పరుండియుండెను.